అమ్మ బైబిలుకు కొత్త అట్ట: ఒంగోలులోని ఒక బైండింగు దుకాణం పనితీరు

అమ్మ ముప్పై ఏళ్లకు పైగా చదివిన బైబిలును తిరిగి కుట్టించడానికి గత వేసవిలో ఒంగోలులోని ఒక చిన్న బైండింగు దుకాణంలో ఇచ్చాను. అక్కడ జరిగిన ఒక పొరపాటును కూడా చెప్పవలసి ఉన్నందున దుకాణం పేరు రాయడం లేదు. అదే డబ్బుకు కొత్త బైబిలు వస్తుందని ఇంట్లో అందరూ అన్నారు. అయితే మాకు కావలసినది ఆ పుటల అంచుల్లో ఉన్న అమ్మ చేతిరాత.

అమ్మది కనిగిరి ప్రాంతం. చిన్ననాటి నుంచి తాగిన ఫ్లోరైడ్ నీటి వల్ల కీళ్లు బిగుసుకుపోయి, చివరి పన్నెండేళ్లు ఆమె నడుము నిలబెట్టలేకపోయింది. మందిరంలో మోకాళ్లూని ప్రార్థించలేకపోవడం ఆమెకు నొప్పి కంటే పెద్ద బాధ. దీనమనస్సు అంటే తనను తాను తక్కువ చేసుకొని మాట్లాడటమని చాలామంది అనుకుంటారు. అమ్మలో నేను చూసిన దీనమనస్సు వేరు. జీవితమంతా పదిమందికి వండిపెట్టిన మనిషి, కోడలు తల దువ్వుతుంటే సిగ్గుపడకుండా, విసుక్కోకుండా కూర్చుని, ప్రతిరోజూ ఆమెను దీవించేది. అలాగని చెడ్డ నీళ్లను దేవుని చిత్తమని సరిపెట్టుకోలేదు. మంచినీటి కోసం ఊరివాళ్లు పెట్టిన ప్రతి అర్జీ మీదా వంకరపోయిన వేళ్లతోనే సంతకం చేసింది.

ఆ బైబిలు ఎక్కడ అరిగిందో చూస్తే ఆమె ఎక్కడ నిలబడిందో తెలుస్తుంది. యోబు గ్రంథం, కీర్తనలు, పేతురు మొదటి పత్రిక ఉన్న ఫారాలు, అంటే కలిపి మడిచి కుట్టిన పుటల కట్టలు, దారం తెగి వేలాడుతున్నాయి. యోబు 13వ అధ్యాయంలో “ఆయన నన్ను చంపినను నేను ఆయనకొరకు కనిపెట్టుచున్నాను” అనే మాట పక్కన పదకొండు తేదీలు ఉన్నాయి. అన్నీ నొప్పి భరించలేని రాత్రులవే. పాత అనువాదంలో కనిపెట్టడమంటే ఎదురుచూడడం. ఈ ప్రాంతపు క్రైస్తవులకు ఆ మాట అర్థం చెప్పనక్కరలేదు. 1876–78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. కానీ కూటి కోసం విశ్వాసులయ్యారనే మాట రాకూడదని కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపివేశాడు. అడిగినవారు కనిపెట్టారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆ పెద్ద సంఖ్యను త్వరగా దాటేసి, ఆకలితో ఉండి కూడా ఎదురుచూసినవారి దగ్గర ఆగేది. 1866లో బాప్తిస్మం పొందిన, ఈ ప్రాంతపు తొలి విశ్వాసుల్లో ఒకడైన తాళ్లకొండపాడు పేరయ్య తమ వైపువాడేనని కూడా ప్రేమగా చెప్పేది.

ఇక పని సంగతి. యజమాని పెద్దవయసు మనిషి. పుస్తకాన్ని తిరగేసి ధర చెప్పే ముందు, “ఈ అంచులు కోయకూడదు కదండీ?” అని ఆయనే అడిగారు. పాత జిగురును తడిపి గీకి, ఫారాలను విడదీసి, చిరిగిన మడతలకు పల్చటి కాగితం అంటించి, మళ్లీ చేత్తో కుట్టారు. మైదా గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపారు. వెన్నుకు గుడ్డ వేసి, పైన నల్ల రెక్సిన్ తొడిగారు. ఇప్పుడు పుస్తకాన్ని ఏ పుటలో తెరిచినా చేయి అడ్డం పెట్టకుండానే తెరుచుకొని ఉంటుంది. వేళ్లు వంగని పాఠకులకు ఇది చిన్న విషయం కాదు. రెండు వారాలన్న పని అయిదు వారాలు పట్టింది. అది మాత్రం బాగాలేదు. వాయిదా పడుతోందని ఒక్క ఫోనైనా చేసి ఉండవలసింది.

పుస్తకం తీసుకోవడానికి వెళ్లినప్పుడు, నేను డబ్బు తీయకముందే ఆయన ఒక కవరు నా ముందు పెట్టారు. కీర్తనల్లోని రెండు ఫారాలను పొరపాటున కటింగ్ మిషన్‌లో పెట్టారట. అమ్మ రాతలో కొన్ని అక్షరాలు తెగిపోయాయి. తెగిన పేలికలను ఒక్కటి కూడా పోనీయకుండా ఏరి, ఏది ఏ పుటదో పెన్సిలుతో రాసి, ఆ కవరులో ఉంచారు. మిషన్ దగ్గర పనిచేసే కుర్రాడు అక్కడే ఉన్నా అతని వైపు చూడలేదు. “తప్పు నాదేనండీ” అని మాత్రం అన్నారు. నాకు కోపం వచ్చిన మాట నిజం. ఆ రాత మళ్లీ రాయడానికి అమ్మ లేదు. అయినా ఆయన చెప్పకపోతే ఆ నష్టం నా కంట పడటానికి నెలలు పట్టేది. ఆరువందల యాభై రూపాయల్లో సగమే తీసుకుంటానన్నారు. నేను మొత్తం ఇచ్చాను.

కుట్టుకు, అట్టకు నేను పూర్తి మార్కులు వేస్తాను, గడువుకు వేయను. పాత కుటుంబ బైబిళ్లు ఉన్నవారు ఇలాంటి పని చేసే దుకాణానికి ఇచ్చేముందు, రాతలున్న ప్రతి పుటకూ ఫోటో తీసుకొని, అంచులు కోయవద్దని మొదటి పుట మీదే చీటీ అంటించండి. కవరులోని పేలికలను వాటి పుటల్లో అంటించడానికి వచ్చే నెల ఆయన దగ్గరికే మళ్లీ తీసుకువెళుతున్నాను.