బీఎస్సీ నర్సింగా, ల్యాబ్ టెక్నీషియనా? రక్తం చూస్తే భయపడే పిల్లకి ఏది మేలు?

మా అక్క కూతురు ఈ ఏడాదే ఇంటర్ బైపీసీ పాసైంది. "పిన్నీ, రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. నర్సింగ్ వద్దులే, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు డీఎంఎల్‌టీ చేసి ల్యాబ్‌లో పనిచేస్తా" అంది. పన్నెండేళ్ళుగా వార్డులో నర్సుగా పనిచేస్తున్న నాకు వెంటనే తట్టింది ఒకటే. ల్యాబ్‌లో పొద్దున్నుంచీ చేసేది రక్తంతోనే కదా!

ఆ భయం చాలామందికి పోతుంది. నాకూ పోయింది. మొదటిసారి ఒక తాతగారికి కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెడుతుంటే నా చేతులు వణికాయి. ముసలి నరం, సూది తగలగానే పక్కకి జారింది. ఆయనే "కంగారుపడకు తల్లీ, ఈ చెయ్యి చూడు" అంటూ చొక్కా రెండో చెయ్యి మడిచారు. ఈసారి కాన్యులాలోకి ఎర్రగా రక్తం వచ్చింది. అమ్మయ్య, నరం దొరికింది అనుకున్నాను. అప్పటినుంచి నాకు ఆ ఎరుపు కనబడితేనే ధైర్యం.

అంత తేలిగ్గా అలవాటు కానివి మనుషుల కోపాలు, ఏడుపులు. డాక్టరు రాకపోతే అటెండెంట్లు అరిచేది మనమీదే. నైట్ డ్యూటీ పన్నెండు గంటలుండే ఆస్పత్రులు చాలా ఉన్నాయి. పొద్దున పేషెంటు చనిపోయిన మంచం మీదికి సాయంత్రానికి ఇంకొకరు వస్తారు. వాళ్ళతో మళ్ళీ మామూలుగా మాట్లాడాలి. ఇప్పటికీ నాకు అదే కష్టం. ల్యాబ్‌లో ఈ బరువు తక్కువ. అక్కడి టెన్షన్ వేరు: ట్యూబు మీద పేరు మారిందంటే ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోతుంది.

చదువు సంగతికొస్తే, డీఎంఎల్‌టీ రెండేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. ఇంట్లో తొందరగా సంపాదన కావాలంటే మొదటిదే నయం. ప్రైవేటులో మొదటి జీతాలు మాత్రం రెంటిలోనూ చిన్నవే. నర్సింగ్‌లో ముందుముందు దారులెక్కువ. ఎయిమ్స్ వాళ్ళ ఉద్యోగ పరీక్ష నార్‌సెట్ రాసి నర్సింగ్ ఆఫీసర్ అయితే మూల వేతనమే 44,900 రూపాయలు. అమెరికాకైతే అక్కడి నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసవ్వాలి, జర్మనీకైతే జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి. బైపీసీ చదవనివాళ్ళూ నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎంలో చేరి, తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీతో డిగ్రీ తెచ్చుకోవచ్చు.

"నైట్ డ్యూటీల పిల్లకి సంబంధాలు రావు" అనే మాట ఇంకా వినబడుతూనే ఉంది. దానికోసం మాత్రం ఎవరూ మానుకోవద్దు.

భయం రక్తమొక్కటే అయితే నర్సింగే మేలంటాను. రోజంతా మనుషుల మధ్య ఉంటే నీరసపడిపోయేవాళ్ళకి ల్యాబే మంచిది, అందులో తక్కువతనమేమీ లేదు. మా పిల్ల ఏ రకమో తెలుసుకుందామని, నిరుడు వాళ్ళ నానమ్మ దగ్గర ఆస్పత్రిలో మూడు రాత్రులు ఉన్నప్పటి సంగతి అడిగాను. "అప్పుడు కళ్ళు తిరిగాయా?"

కాసేపు ఆలోచించింది. "లేదు పిన్నీ. సెలైన్ అయిపోతుందేమోనని దాన్నే చూస్తూ కూర్చున్నా."