పిల్లికూనల నులిపురుగులకు పైరాంటెల్ సిరప్: ఆరేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

2019 వర్షాకాలంలో మా మెట్ల కింద దొరికిన రెండు కూనలతో మొదలుపెట్టి ఇప్పటివరకు 14 పిల్లికూనలకు పైరాంటెల్ పామోయేట్ సిరప్ వేశాను. ఇది మంచి మందు. పేగుల్లోని ఏలికపాములను, కొంకిపురుగులను చచ్చుబడేలా చేసి మలంతోపాటు బయటకు పంపేస్తుంది. పేగుల నుంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది కనుక మూడు వారాల కూన కూడా తట్టుకుంటుంది. అయితే ఒక్కసారి వేసి ఊరుకుంటే మాత్రం దీని ఫలితం నిలవదు. ఆ సంగతి నాకు మొదటి కూనల దగ్గరే తెలిసివచ్చింది.

వాటికి రెండు నెలల వయసుంటుందని పశువైద్యులు అంచనా వేశారు. వెన్నెముక చేతికి తగులుతుండగా పొట్ట మాత్రం చిన్న బుర్రలా ఉబ్బి ఉండేది. పాలు బాగా తాగుతున్నాయి కాబట్టి కడుపు నిండుగా ఉందనుకున్నాను. మూడో రోజు తెల్లవారుజామున ఆడకూన వాంతి చేసుకుంది. ఉడికిన సేమియాలాంటి తెల్లటి పోగులు అందులో చుట్టలు చుట్టుకుని, నేను చూస్తూండగానే మెల్లగా కదిలాయి. డాక్టర్ గారు వాటిని చూడగానే ఏలికపాములన్నారు. తల్లి శరీరంలో దాగిన లార్వాలు పాల ద్వారా కూనలకు చేరతాయి కనుక ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా ఇవి రావచ్చని చెప్పారు. మందు వేసిన మర్నాడు మలంలో చాలా పురుగులు పడ్డాయి, రెండు రోజుల్లో పొట్టలు తగ్గాయి. చీటీలో రెండు వారాలకు మళ్లీ వేయమని రాసి ఉన్నా, పని అయిపోయిందనుకుని నేను వేయలేదు. ఐదు వారాలకు రెండింటి పొట్టలూ మళ్లీ ఉబ్బాయి. ఈ మందు పేగుల్లో ఉన్న పురుగుల మీదే పనిచేస్తుంది. కాలేయం, ఊపిరితిత్తుల మీదుగా తిరుగుతున్న లార్వాలను ఏమీ చేయదు. అవి పేగులకు చేరి పెద్దవయ్యేసరికి మళ్లీ మందు అందాలి. ఆ లెక్క తెలియక రెండు పసిప్రాణాలను నెల రోజులు అదనంగా బాధపెట్టాను.

అప్పటినుంచి క్యాలెండర్ మీదే నడుస్తున్నాను. మూడు వారాల వయసు నుంచి పాలు మానేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలలు నిండేవరకు నెలకోసారి వేస్తాను. తల్లిపిల్లి కూడా దగ్గరుంటే దానికీ అదే రోజున మందు పడాలి. మలపరీక్షలో ఏమీ కనబడకపోయినా నేను మానను. పురుగులు ఎదిగి గుడ్లు పెట్టేదాకా పరీక్షకు దొరకవు.

మోతాదు దగ్గర చాలా జాగ్రత్త అవసరం. మా డాక్టర్ గారు చెప్పిన లెక్క కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. నేను వాడే సీసాలో ఒక మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల మందుంటుంది. అంటే 600 గ్రాముల కూనకు పట్టేది 0.12 మిల్లీలీటర్లే, చెంచాతో కొలవడం అసాధ్యం. వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి, అందులో కూనను కూర్చోబెట్టి తూచి, సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజిలో మందు తీసుకుంటాను. పసుపు రంగు మందు సీసా అడుగున పేరుకుంటుంది కాబట్టి ప్రతిసారీ బాగా కుదపాలి, లేకపోతే పైన తేలిన పలచటి నీరే సిరంజిలోకి వస్తుంది. సీసా మారితే బలం మారవచ్చు, లేబుల్ చదవకుండా పాత లెక్కతో వేయకండి. సిరంజి మొనను దవడ పక్కనుంచి పెట్టి చుక్కచుక్కగా వదిలితే కూనలు చప్పరిస్తూ మింగేస్తాయి. రుచి విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

ఈ మందుకు లొంగనివీ ఉన్నాయి. తోక కింద బియ్యపు గింజల్లాంటి ముక్కలు అంటుకుని, ఎండాక నువ్వుల్లా రాలుతుంటే అవి బద్దెపురుగులు. వాటికి ప్రాజిక్వాంటెల్ కావాలి. ఆ మాత్ర పరమ చేదు. కొరికితే కూన నోటి వెంట నురగ కారుతుంది, అందుకే పైన నెయ్యి రాసి నాలుక వెనక్కి పెడతాను. ఒంటిమీద గెంతే ఫ్లీ పురుగులను మింగడం వల్లే బద్దెపురుగులు వస్తాయి కనుక వాటిని వదిలించకపోతే మాత్ర వేసినా మళ్లీ వస్తాయి. 2022లో తెచ్చుకున్న ఒక కూనకు మూడు మోతాదుల తర్వాత కూడా విరేచనాలు ఆగలేదు. పరీక్షలో కాక్సిడియా అని తేలింది. అది పురుగు కాదు, దాని మందు వేరు.

పిల్లలకు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రలో ఒక ముక్క వేస్తే సరిపోతుందని మా పక్కింటావిడ మంచి మనసుతోనే చెప్పారు. ఆ మందు పిల్లుల ఎముక మజ్జను దెబ్బతీయగలదని డాక్టర్ గారు గట్టిగా వారించారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. బాగా నీరసించి, ఒంట్లో నీరు తగ్గిపోయిన కూనకు పైరాంటెల్ కూడా ఇంట్లో వేయకుండా ముందు వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి.

చిన్నపిల్లలున్న ఇళ్లవారికి ఇంకొక మాట. మలంలోని ఏలికపాము గుడ్లు బయట కొన్ని వారాలు గడిచాకే సోకే స్థితికి వస్తాయి, ఆ తర్వాత మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. మేము ఇసుక ట్రేలో మలాన్ని రోజూ తీసేసి, వారానికోసారి ట్రేను మరిగే నీళ్లతో కడుగుతాం.

ప్రస్తుతం ఇంట్లో ఉన్న నల్లకూన వచ్చినప్పుడు 450 గ్రాములుండేది. మూడో మోతాదు నాటికి 900 గ్రాములయింది. నాలుగోది వచ్చే ఆదివారం వేయాలి.