వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ పోలో జీటీ టీఎస్ఐ కొనేముందు

స్పోర్ట్స్ కారు సరదా తీరాలి, రోజూ ఆఫీసుకీ అదే వెళ్లాలి, నెలలో సగం రోజులు షెడ్డులో ఉండకూడదు అనుకుంటే నా ఓటు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐకే. అందులోనూ 2020లో బీఎస్6 (పొగ కాలుష్య నిబంధన) ఇంజన్‌తో వచ్చిన 1.0 లీటర్ బండి. 2022లో పోలో తయారీ మన దేశంలో ఆగిపోయింది కాబట్టి బాగా చూసుకున్న బండి అమ్మకానికొస్తే ఎక్కువ రోజులు నిలవదు.

నాలుగు డోర్ల బండిని స్పోర్ట్స్ కారంటారా అని అడిగేవాళ్లు ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఒకసారి ఎక్కించి చూడండి. 110 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్. మలుపు తిరిగాక యాక్సిలరేటర్ తొక్కితే టర్బో అందుకుని ఎత్తు మీద కూడా లాక్కుపోతుంది, స్టీరింగ్ చేతిలో గట్టిగా ఉంటుంది, నాకైతే ఎన్నిసార్లు నడిపినా తనివి తీరదు. వెనక సీటు ఇరుకు, ముగ్గురు పెద్దవాళ్లకి కష్టం.

2013లో వచ్చిన పాత 1.2 లీటర్ బండిలో 7 గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది, గేర్లు మారే వేగంలో దానికి సాటి లేదు. కానీ దాని రెండు క్లచ్‌లూ ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్‌లు. గాజువాక ట్రాఫిక్‌లో బండి పాకుతున్నంతసేపూ క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. ఆ గేర్‌బాక్స్‌ని నడిపే మెకట్రానిక్స్ యూనిట్ పోతే బిల్లు చూసి గుండె ఆగుతుంది. అదే కొంటానంటే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి, ఒకటి నుంచి రెండో గేరుకి మారేటప్పుడు వణుకు ఉందేమో చూడండి, స్కానర్ పెట్టించండి. 1.0 ఆటోమేటిక్‌లో 6 గేర్ల టార్క్ కన్వర్టర్ (డ్రై క్లచ్‌ల బదులు ఆయిల్ ద్వారా పవర్ అందించే) గేర్‌బాక్స్ కాబట్టి ఈ టెన్షన్ లేదు.

మన ఊళ్లో అసలు శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన బండి పైకి తళతళలాడుతూనే ఉంటుంది, కింద సైలెన్సర్ జాయింట్లు, సస్పెన్షన్ ఆర్మ్‌లు, బ్రేక్ పైపులు తుప్పు పట్టి ఉంటాయి. లిఫ్ట్ మీద ఎక్కించి టార్చి వేసి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట కూడా చూడండి. కింద మొత్తం కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉంటే ఎందుకు కొట్టించారో గట్టిగా అడగండి. 2014 అక్టోబర్‌కి ముందు ఏపీ 31 నంబరుతో రిజిస్టరైన బండి అయితే హుద్‌హుద్ నాటి ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉందేమో తెలుసుకుని, రూఫ్, పిల్లర్ల దగ్గర వెల్డింగ్ మచ్చలు వెతకండి, ఆ తుఫానుకి చెట్లు కూలి దెబ్బతిన్న కార్లు చాలా ఉన్నాయి.

హైదరాబాద్ బండికి ఈ ఉప్పు తుప్పు బాధ ఉండదు గానీ అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్కేసుకునే బేరమాడండి. ఆర్సీలో ఫైనాన్స్ తీసేశారో లేదో కూడా చూడాలి. ఇక రీమ్యాప్ చేసి, అంటే ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచిన బండిని, ఎంత తగ్గించి ఇస్తానన్నా, నేనైతే ముట్టుకోను.