టిడ్కో 430 చదరపు అడుగుల ఇల్లు: ఏడాది కాపురం తరువాత

పట్టణ పేదలకు ఇళ్లు కట్టించే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో నుంచి మా అమ్మ పేరిట లాటరీలో వచ్చిన ఇంట్లో మేము నలుగురం కాపురం పెట్టి ఏడాది దాటింది. విజయవాడలో అంతకుముందు చాలా ఏళ్లు చిట్టినగర్ వైపు కొండ మీది అద్దె ఇళ్లలో ఉన్నాము. అందువల్ల ఈ ఇంటిని ప్రకటనల్లోని బొమ్మతో కాక, వానాకాలం వస్తే కొండచరియలకు భయపడుతూ పడుకున్న ఆ గదులతో పోల్చి చూస్తున్నాను.

ముందుగా ధర సంగతి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో, ప్రభుత్వ భాగస్వామ్యంతో కట్టే పేదల ఇంటికి కేంద్రం లక్షన్నర రూపాయలు ఇచ్చేది. మన రాష్ట్రంలో టిడ్కో ఆ పద్ధతిలోనే 300, 365, 430 చదరపు అడుగుల చొప్పున మూడు రకాల ఇళ్లు కట్టించింది. మా 430 రకానికి లబ్ధిదారు వాటా మొదట లక్ష రూపాయలు ఉండగా తరువాత దానిని 50 వేలకు తగ్గించారు. మిగిలిన 3.65 లక్షలు బ్యాంకు రుణం. రెండు పడకగదులు, హాలు, వంటగది ఉన్న ఇంటికి మా చేతి నుంచి పడే మొత్తం, వడ్డీ కాక, 4.15 లక్షలు. పటమటలో ఏ అపార్టుమెంటుకైనా అది అడ్వాన్సుకు సరిపోతే గొప్ప. అయితే 300 అడుగుల వారికి ఒక్క రూపాయికే ఇల్లు ఇచ్చి, కాస్త పెద్ద ఇల్లు కోరినవారిని ఇరవై ఏళ్ల వాయిదాల్లోకి పంపడం వల్ల ఒకే ప్రాంగణంలో రెండు రకాల యజమానులు తయారయ్యారు. ఈ తేడా ప్రభావం ఇంటి ఖర్చుల దగ్గర కనిపిస్తుంది. దాని గురించి తరువాత చెబుతాను.

430 అడుగులంటే సుమారు 48 గజాలు, దాదాపు ఒక సెంటు. 2020 డిసెంబరు 25న పట్టణాల్లో పంచడం మొదలుపెట్టిన ఇళ్ల పట్టాలు కూడా సెంటు చొప్పునే. ఆ సెంటులో గోడలు, మెట్లు, మరుగుదొడ్డి పోగా మిగిలేదే ఇల్లు కనుక, అదే కొలతను ఇంటి రూపంలో ఇచ్చిన టిడ్కో పద్ధతి నగరానికి ఎక్కువ నప్పుతుందని నా అభిప్రాయం. ఇప్పటి ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామంటోంది. స్థలం పెరిగితే మంచిదే, కానీ ఊరికి దగ్గరలో అంత భూమి దొరకడమే కష్టం.

ఈ ఇంటి అసలు విశేషం గోడలు. ఇక్కడ ఇటుక కనిపించదు. షియర్ వాల్ పద్ధతిలో అల్యూమినియం అచ్చులు నిలబెట్టి, గోడలకూ శ్లాబుకూ కలిపి కాంక్రీటు పోస్తారు. భవనం బరువంతా ఆ గోడలే మోస్తాయి. మూలలన్నీ నిటారుగా ఉన్నాయి, ఎక్కడా వంకర లేదు. కానీ అమ్మ దేవుడి పటం తగిలించడానికి సుత్తితో కొట్టిన మేకు మూడుసార్లు వంగిపోయింది. చివరకు డ్రిల్లింగు మిషను అద్దెకు తెచ్చుకోవలసి వచ్చింది. కిటికీ పెద్దది చేసుకుందామన్నా, రెండు గదుల మధ్య గోడ తీసేద్దామన్నా కుదరదు. అలా చేస్తే మన ఇల్లే కాదు, పై ఇళ్లు కూడా ప్రమాదంలో పడతాయి. అద్దె ఇంట్లో యజమాని వద్దనే పనులను సొంత ఇంట్లో గోడ వద్దంటోంది.

ఆ కాంక్రీటే ఎండాకాలంలో పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి వదులుతుంది. మాది మూడో అంతస్తు, పైన శ్లాబు, దాని పైన బెజవాడ ఎండ. రోహిణి కార్తెలో రాత్రి పదకొండు దాటినా గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగానే ఉంది. శ్లాబు మీద తెల్ల సున్నం కొట్టించాక కొంత నయం. పై అంతస్తు వచ్చినవారు వానలు ఆగగానే ఆ పని చేయించుకోవాలి, ఎండలు ముదిరాక పనివారు దొరకడం కష్టం.

వంటగది చిన్నదే అయినా గాలి ఆడుతుంది. ఇద్దరు నిలబడితే మూడోవారు గుమ్మం దగ్గర ఆగిపోవాలి.

గ్రౌండ్ ప్లస్ త్రీ భవనాలకు లిఫ్టు ఉండదు. వృద్ధులకూ దివ్యాంగులకూ కింది అంతస్తులో ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్ర పథకం మార్గదర్శకాలే చెబుతున్నాయి. మేము దరఖాస్తు చేసిననాడు అమ్మకు మోకాళ్ల నొప్పులు లేవు, తాళాలు చేతికి వచ్చేనాటికి ఉన్నాయి. మధ్యలో ప్రభుత్వం మారింది, 2019లో రివర్స్ టెండర్లు, అంటే ధర తగ్గించేందుకు మళ్లీ పిలిచే టెండర్లు, జరిగాయి, కేటాయింపుల పట్టికలు మారాయి. దరఖాస్తుకూ గృహప్రవేశానికీ నడుమ అన్నేళ్లు గడిచే పథకంలో, తాళాలు ఇచ్చే ముందు కుటుంబ పరిస్థితిని మరోసారి అడిగి అంతస్తు మార్చుకునే వీలు కల్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

రుణం ఇచ్చిన బ్యాంకు శాఖ విషయంలో నాకు ఒక ఫిర్యాదు ఉంది. వాయిదా మొదలయ్యే తేదీని మాకు ముందుగా తెలియజేయలేదు. బకాయి ఉందన్న సందేశం వచ్చాక వెళ్లి అడిగితే, పత్రాల్లో ఉందిగా అన్నారు. ఆ పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. సంతకం చేసింది అమ్మ.

దూరం మాటకొస్తే, కాళేశ్వరరావు మార్కెట్‌లో హమాలీగా పనిచేసే నాన్న తెల్లవారుజామున నాలుగింటికి అక్కడ ఉండాలి. కొండ మీది నుంచి ఆయన నడిచి వెళ్లేవారు. ఇప్పుడు ఆ వేళ బస్సు ఉండదు కనుక షేర్ ఆటో, అది లేకపోతే నా బండి. అద్దె మిగిలిందన్న లెక్కలో నెలనెలా కొంత పెట్రోలుకు పోతోంది.

ఇక ముందు చెప్పిన ఆ తేడా బయటపడే ఖర్చు, నిర్వహణ. ఇళ్లు ఇచ్చినవారు తాళాలతో పాటు నీటి మోటారు, మెట్ల దీపాలు, మురుగు గొట్టాల బాధ్యతను కూడా నివాసులకే అప్పగించారు. మా బ్లాకు సంఘంలో నెలకు ఇంత అని నిర్ణయించిన నాటి నుంచి వాదన నడుస్తూనే ఉంది. వాయిదాలు కడుతున్న మాకు ఆ వందలు భారమని ఒకరు అంటారు. నీళ్లు తామూ వాడుతున్నాం కదా అని అద్దెకున్నవారు సర్దిచెబుతుంటే, ఇల్లు అద్దెకిచ్చి వేరేచోట ఉంటున్న అసలు యజమాని ఫోనే ఎత్తడు. పోయిన నెల మోటారు కాలిపోయి రెండు రోజులు కింది నుంచి బిందెలతో నీళ్లు మోసుకున్నాము. కొత్త మోటారుకు ఇంకా ఆరు ఇళ్ల వాటా రావలసి ఉంది.