అబ్సర్డ్ నాటకం పుట్టిన వీధుల్లో: పారిస్, జ్యూరిక్

జీవితంలోని అర్థరాహిత్యాన్ని పొంతన లేని మాటలతో, చేష్టలతో చూపే అబ్సర్డ్ నాటకాన్ని ప్రేమించేవారు పారిస్‌లో ముందుగా చేరవలసిన చోటు, సాఁ మిషెల్ మెట్రో స్టేషన్‌కు దగ్గరలోనే ఉన్న యుషెత్ థియేటర్. ఈ ధోరణికి చెందిన ఫ్రెంచి నాటకకర్త అయనెస్కో రాసిన 'బట్టతల గాయని', 'పాఠం' నాటకాలు 1957 ఫిబ్రవరి నుంచి, కోవిడ్ కాలపు మూసివేతను మినహాయిస్తే, అక్కడ ఆడుతూనే ఉన్నాయి. వంద కుర్చీలు కూడా లేని హాలు కనుక కాళ్లకు చోటు చాలదు, టికెట్ ముందుగా కొనుక్కోవడమే మంచిది. అయితే చివరి వరుసలో కూర్చున్నా నటుల కనుబొమల కదలిక సైతం కనిపిస్తుంది. సంభాషణలు ఫ్రెంచిలో ఉంటాయి గనుక అనువాదం చదివి వెళ్లాలి. ఇంగ్లీషు నేర్పే పుస్తకంలోని వాక్యాలే అయనెస్కోకు ప్రేరణ అని తెలిసి వింటే, 'బట్టతల గాయని'లోని స్మిత్ దంపతుల పొడి మాటలు ఎంత శ్రద్ధగా పేర్చినవో అర్థమవుతుంది.

'బట్టతల గాయని' 1950లో మొదట ఆడిన నొక్తాంబ్యూల్, ఇదే ధోరణి నాటకకర్త బెకెట్ రాసిన 'గోడో' 1953లో మొదట ఆడిన బాబిలోన్ థియేటర్లు ఇప్పుడు లేవు. బ్లాంష్ వీధిని మాత్రం వదలకూడదు. 1896 డిసెంబరులో ఫ్రెంచి రచయిత ఆల్ఫ్రెడ్ జారీ నాటకం 'ఉబు రాజు' అక్కడ మొదటి మాటతోనే ప్రేక్షకుల్లో గగ్గోలు పుట్టించింది. సహజత్వం, సభ్యత, పాత్రల మనస్తత్వం అన్నింటినీ ఒకేసారి తోసిపుచ్చిన ఆ తెగువే అరవై ఏళ్ల తరువాతి నాటకాలకు దారి వేసిందని నా నమ్మకం. ఆ స్థలంలో నేడు పారిస్ థియేటర్ నడుస్తోంది.

బసకు యుషెత్ వీధి పరిసరాలు అనుకూలం కావు. భోజనశాలల సందడి అర్ధరాత్రి దాటినా తగ్గదు. మోంపర్నాస్ ప్రాంతం మేలు. 'పాఠం' 1951లో తొలిసారి ఆడిన పోష్ థియేటర్ అక్కడే నేటికీ నడుస్తోంది. బెకెట్, అయనెస్కోల సమాధులున్న శ్మశానవాటిక కూడా నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది.

రైలులో సుమారు నాలుగు గంటల ప్రయాణంతో జ్యూరిక్ చేరితే, 1916లో హ్యూగో బాల్, ఎమ్మీ హెన్నింగ్స్ తర్కాన్ని ధిక్కరించిన కళోద్యమం డాడా ప్రదర్శనలు మొదలుపెట్టిన కాబరే వోల్తేర్ చూడవచ్చు. అర్థాన్ని వదిలి ధ్వనినే కవిత్వం చేసిన బాల్ ప్రయోగాలకూ, అయనెస్కో పాత్రల మాటలు చివరికి అక్షరాలుగా చెదిరిపోవడానికీ ఉన్న బంధుత్వం అక్కడ నిలబడి ఆలోచిస్తే బలంగా తోస్తుంది. జ్యూరిక్‌లో బస ఖరీదెక్కువ కనుక, డబ్బు పరిమితంగా ఉన్నవారు ఆ ప్రయాణం మాని, యుషెత్‌లో రెండు నాటకాలనూ చూడడం ఉత్తమం.