క్రిస్మస్ బల్ల మీదకి జింజర్‌బ్రెడ్: ఇల్లా, నక్షత్రాల చెట్టా, దీపపు గూడా?

జింజర్‌బ్రెడ్‌తో, అంటే శొంఠి, దాల్చినచెక్క వేసి కాల్చే గట్టి బిస్కెట్‌తో, ఏదైనా నిలబెట్టాలనుకున్నవాళ్లు చాలామంది ఇంటితోనే మొదలుపెడతారు, పైకప్పు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తారు. బల్ల మధ్యలో పెట్టడానికి తేలిగ్గా కుదిరేవి ఇంకో రెండున్నాయి. ఒకటి, పెద్ద నక్షత్రం మీద చిన్నది పేర్చుకుంటూ పోయే చెట్టు. రెండోది, నాలుగు పలకలు నిలబెట్టి లోపల చిన్న లైటు పెట్టే గూడు. మా మాట ముందే చెప్పేస్తాం: మొదటిసారైతే చెట్టు, బల్లకి కళ రావాలంటే గూడు, మూడు రోజుల తీరిక ఉంటేనే ఇల్లు.

మూడింటికీ పిండి ఒకటే. మైదా 500 గ్రాములు, వెన్న 110 గ్రాములు, బెల్లం 250 గ్రాములు, నీళ్లు 80 మి.లీ., శొంఠిపొడి రెండు టీస్పూన్లు, దాల్చినచెక్క పొడి రెండు టీస్పూన్లు, లవంగాల పొడి అర టీస్పూను, చిటికెడు ఉప్పు. అమెరికాలో ఉన్నవాళ్లు బెల్లం బదులు మొలాసిస్ (చెరకు మడ్డి), బ్రౌన్ షుగర్ వాడుకుంటారు గానీ, బెల్లంతో రంగూ వాసనా బాగానే కుదురుతాయి. బెల్లం నీళ్లలో కరిగితే చాలు, పాకం పట్టక్కర్లేదు. వడకట్టి, వెన్న వేసి, గోరువెచ్చగా అయ్యాక పొడులు కలిపిన మైదాలో పోసి ముద్ద చేయాలి. ముద్ద అప్పుడు మెత్తగా, చేతికి అంటుకుంటూ ఉంటుంది. అది చూసి కంగారుపడి ఇంకాస్త మైదా వేయకండి. రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే వెన్న గట్టిపడి అదే దారికొస్తుంది. మైదా ఎక్కువైతే మాత్రం ఒత్తేటప్పుడు అంచులు పగిలిపోతాయి.

వంటసోడా వేయొద్దు. తినే బిస్కెట్‌కి అది బాగుంటుంది, గోడకి కాదు. ఓవెన్‌లో పొంగి అంచులు పక్కకి పాకుతాయి, కొలతకి కత్తిరించిన అట్ట పెట్టి కోసిన ఆకారం పోతుంది. జర్మనీలో నురెంబర్గ్ ఊరి ఎలీసెన్ లెబ్‌కూఖెన్ అనే జింజర్‌బ్రెడ్‌కి ఎంతో పేరుంది. అందులో బాదం లాంటి గింజలు కనీసం 25 శాతం ఉండాలి, పిండి 10 శాతం దాటకూడదు. తినడానికి అంత మెత్తగా ఉండేది గోడగా అసలు నిలబడదు.

ఇల్లు

మామూలు ఓటీజీకి (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌కి) సరిపోయే కొలతలు ఇవి. ముందు, వెనక గోడలు 15 సెం.మీ. వెడల్పు, చూరు దాకా 10, మొన దాకా 20 సెం.మీ. ఎత్తు. పక్క గోడలు 18 × 10. కప్పు పలకలు రెండు, ఒక్కొక్కటి 21 × 14. పిండి ఒకటిన్నర రెట్లు కలుపుకోవాలి. గోడలు 6 మి.మీ. మందం, కప్పు 5 మి.మీ. మందం ఉండాలి. కప్పు ఎంత బరువుంటే అంత జారుతుంది కాబట్టే ఆ తేడా.

మందం అంతటా ఒకేలా రావాలంటే పిండికి రెండు పక్కలా 6 మి.మీ. చెక్కపట్టీలు పెట్టి, వాటి మీదుగా చపాతీ కర్ర నడపాలి. బటర్ పేపర్ మీదే ఒత్తి, అట్టముక్క పెట్టి కోసి, చుట్టూ మిగిలిన పిండిని తీసేయాలి. పలకను చేత్తో ఎత్తి ట్రేలో వేశారో, అది సాగి వంకరపోతుంది. పేపర్‌తో సహా జరపడమే. 175 డిగ్రీల్లో 14 నుంచి 17 నిమిషాలు, మధ్యలో ఒకసారి ట్రే తిప్పాలి.

ఇక్కడే చాలామంది ఒక పని వదిలేస్తారు. ట్రే బయటికి తీసిన రెండు నిమిషాల్లోపు, పలక ఇంకా మెత్తగా ఉండగానే, అదే అట్ట మళ్లీ పెట్టి పెద్ద చాకుతో అంచులు సరిచేయాలి. కోసేటప్పుడు చాకు లాగకూడదు, పైనుంచి కిందకి నొక్కాలి. చల్లారాక కోస్తే విరుగుతుంది. అప్పటికి ఆలస్యమైపోతే సన్నగా తురిమే పీటతో అంచు నెమ్మదిగా అరగదీయడం ఒక్కటే దారి.

ఇల్లు కూలేది దాదాపు ఎప్పుడూ ఒకే కారణానికి: గోడలు ఆరకముందే కప్పు పెట్టడం. కప్పు బరువు గోడల్ని బయటికి నెడుతుంది, తడి ఐసింగ్ (అతికించే చక్కెర ముద్ద, తయారీ కింద ఉంది) ఆ తోపుకి ఆగదు. గోడలు నిలబెట్టి, లోపలా బయటా గ్లాసులు ఆనించి, రాత్రంతా వదిలేయాలి. మర్నాడు కప్పు పెట్టి, చూరు కింద డబ్బాలు పెట్టి ఇంకో నాలుగు గంటలు ఆగాలి. అలంకరణ ఆ తర్వాత. ఇంకా మంచిదేమిటంటే, కిటికీలూ గోడల మీది గీతలూ పలకలు బల్ల మీద పడుకుని ఉన్నప్పుడే వేసేయడం. నిలువు గోడ మీద వేసిన ఐసింగ్ కారుతుంది.

నక్షత్రాల చెట్టు

పైన చెప్పిన పిండి చాలు. 18 సెం.మీ. నుంచి 4 సెం.మీ. దాకా, రెండేసి సెంటీమీటర్లు తగ్గుతూ ఎనిమిది సైజులు, ఒక్కో సైజుకి రెండు నక్షత్రాలు. కట్టర్ల సెట్ లేకపోతే అట్ట మీద గీసుకోవచ్చు. సైజు మారే ప్రతిచోటా మధ్యలో పెట్టడానికి 3 సెం.మీ. బిళ్లలు ఏడు కావాలి, చివరికి వచ్చేసరికి కొంచెం చిన్నవి. పైన నిలువుగా పెట్టే నక్షత్రంతో కలిపి ఎత్తు సుమారు 20 సెం.మీ. వస్తుంది.

దీనికి కొలత కాస్త తప్పినా కనిపించదు, అదే దీని గొప్ప. పై నక్షత్రాన్ని కొంచెం తిప్పి, దాని మొన కింది రెండు మొనల మధ్య సందులోకి వచ్చేలా పెడితే చెట్టు గుబురుగా కనిపిస్తుంది. ఒక్కో అంతస్తుకీ నడిమధ్యలో రూపాయి బిళ్లంత ఐసింగ్ చాలు. ఎక్కువ పెడితే పై నక్షత్రం దాని మీద జారుతుంది. నాలుగు వరసలు పేర్చగానే ముందునుంచీ పక్కనుంచీ ఒంగి చూడండి. ఒరిగి ఉంటే అప్పుడే సరిచేయాలి, ఆపైన కుదరదు. పెద్ద నక్షత్రాలూ చిన్నవీ ఒకే ట్రేలో పెట్టొద్దు. పెద్దవాటికి 12 నిమిషాలు పడితే చిన్నవి ఎనిమిదికే అయిపోతాయి, ఇంకాసేపు ఉంచితే మొనలు మాడతాయి.

దీపపు గూడు

14 సెం.మీ. ఎత్తున నాలుగు పలకలు, కప్పు లేదు. రెండింటి వెడల్పు 10 సెం.మీ., మిగతా రెండూ 8.5. సన్నవి పెద్దవాటి మధ్యలో ఇముడుతాయి, పలక మందం కలిసి నాలుగువైపులా దాదాపు సమానమవుతుంది. అన్నీ 10 సెం.మీ. కోసేసి, గూడు చతురస్రంగా రాలేదేమని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ.

కిటికీల్లో రంగుల అద్దాలకి పండ్ల రుచి ఉండే, చప్పరించే గట్టి చాక్లెట్లు కావాలి, లోపల ఏమీ నింపనివి. పాలవి, నమిలేవి పారదర్శకంగా రావు. పలకను పదినిమిషాలు కాల్చి, నలగ్గొట్టిన చాక్లెట్ పొడిని రంధ్రంలో పలక మందం మేర నింపి, మళ్లీ నాలుగైదు నిమిషాలు పెట్టాలి. కరిగి సమంగా పరుచుకోగానే తీసేయాలి. బుడగలు ఎగురుతూ ఉండగా వదిలేస్తే గోధుమరంగు తిరుగుతుంది. పూర్తిగా చల్లారేదాకా పేపర్ మీంచి కదపొద్దు. లోపల బ్యాటరీ లైటే పెట్టండి. నిజం కొవ్వొత్తి వేడికి చక్కెర అద్దం మెత్తబడి జారుతుంది, పైగా అంటుకునే ప్రమాదం.

అతికించడం, గాలిలో తేమ

అతికించడానికి రాయల్ ఐసింగ్, కాల్చిన చక్కెర అని రెండు దారులు. రెండు గుడ్ల తెల్లసొన, 350 గ్రాముల ఐసింగ్ షుగర్, టీస్పూను నిమ్మరసం కలిపి గిలక్కొడితే, గరిటె ఎత్తినప్పుడు మొన వంగకుండా నిలవాలి. పచ్చసొన చుక్క పడ్డా, గిన్నెకి జిడ్డున్నా గట్టిపడదు. పచ్చిగుడ్డు వద్దనుకుంటే మెరింగ్ పౌడర్ (ఎండబెట్టిన తెల్లసొన పొడి) వాడొచ్చు. ఐసింగ్ వాడనప్పుడు దాని మీద తడిగుడ్డ కప్పి ఉంచాలి.

చక్కెర నీళ్లు లేకుండా వెడల్పాటి పెనంలో కరిగించి, తేనె రంగుకి రాగానే పలక అంచు ముంచి అతికిస్తే క్షణాల్లో పట్టేస్తుంది. స్వీడన్‌లో ఇళ్లకి ఇలాగే అతికిస్తుంటారు. కానీ సరిదిద్దుకునే వీలుండదు, చర్మానికి తగిలితే బొబ్బలే. పిల్లలతో కలిసి చేస్తే ఐసింగే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలోనూ ఐసింగే, ఎందుకంటే కాల్చిన చక్కెర తేమ పీల్చుకుని జిగటగా మారుతుంది. చాక్లెట్ అద్దాలకీ అదే గతి, కాబట్టి అక్కడ గూడు 24వ తేదీన అతికించుకోవడం మంచిది. లేదంటే రంధ్రం వెనక రంగు బటర్ పేపర్ అంటించినా వెలుతురు బాగుంటుంది.

పలకలు ముందే కాల్చి దాచుకుంటే, అతికించే ముందు ఒక తుంటని విరిచి చూడండి. టప్పున విరగాలి. వంగితే 120 డిగ్రీల్లో అరగంట ఆరబెట్టి, చల్లార్చి మొదలుపెట్టాలి. మెత్తబడ్డ గోడతో కట్టిన ఇల్లు రెండోరోజుకి కుంగుతుంది. హీటర్లతో గాలి ఆరిపోయే చలిదేశపు ఇళ్లలో ఈ బాధ తక్కువ. నార్వేలో బెర్గెన్ ఊరు 1991 నుంచీ ఏకంగా జింజర్‌బ్రెడ్ నగరమే కడుతోంది.

మన దగ్గర తేమకన్నా ముందు వచ్చేవి చీమలు. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద పెట్టండి. పళ్లెం చుట్టూ ఆకులో కొమ్మలో సర్దితే నీళ్లు కనబడవు.

చుట్టాలింటికి తీసుకెళ్లాలంటే చెట్టుకి సాటి లేదు: నక్షత్రాలు వరసల మధ్య బటర్ పేపర్ వేసి డబ్బాలో సర్దుకుని, ఐసింగ్ సంచీతో వెళ్లి అక్కడే పేర్చేయొచ్చు. ఇల్లయితే కారులో ఎవరో ఒకరు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సిందే.