ఆరేళ్ల వాల్వు యాంప్, ఎర్రబడ్డ ఒక రాత్రి

ఈ వాల్వు యాంప్ (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో పాటని పెంచి స్పీకర్లకిచ్చే పెట్టె) కొన్న కొత్తలో ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ కూర్చోబెట్టి ఘంటసాల పద్యం వినిపించేవాణ్ని. ఆయన రాగం తీసి ఆపే చోట గొంతు సన్నగిల్లి గాలిలో కలిసిపోతుంది చూడండీ, అది నా పాత యాంప్‌లో కత్తిరించినట్టు ఆగేది, ఇందులో కరిగేది. అలాగని పదిమందికి చెప్పాను కూడా. ఆ మాట ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. ముందు ఆ రాత్రి సంగతి.

ఇందులో ఛానల్‌కు రెండు చొప్పున నాలుగు ఈఎల్84 వాల్వులు. నా చిన్న గదికి ఆ కాసిన్ని వాట్లు ఎక్కువే. పోయిన మే నెలలో, రాత్రి పదకొండింటికి, ఈమని శంకరశాస్త్రి గారి వీణ పెట్టుకున్నాను. కుడి స్పీకర్‌లో మీటు గరగరమంది. పాత రికార్డింగే కదా అని ఊరుకున్నాను. లైటు ఆర్పాక కనబడింది. ఒక వాల్వు లోపలి రేకు పొయ్యిలో మర్చిపోయిన అట్లకాడలా ఎర్రగా కాలుతోంది. ఫిలమెంట్ వెలుగైతే నారింజ రంగులో సన్నగా ఉంటుంది, ఇది అది కాదు. ప్లగ్ పీకేశాను.

కంపెనీకి ఫోన్ చేస్తే, నాలుగు వాల్వులూ మార్చాలి, పెట్టె పంపండి, కొరియర్ ఖర్చు మీదే అన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ల బరువుతో దాన్ని ఎత్తితేనే నడుం పడుతుంది. ఆటోలో వేసుకుని కోఠీ గుజరాతీ గల్లీకి పోయాను. వాల్వు రేడియోల కాలం నాటి మెకానిక్ ఒకాయన దొరికారు. ఎర్రబడ్డ వాల్వుని పక్క సాకెట్‌లోకి మార్చి ఆన్ చేశారు. పాత సాకెట్‌లో పెట్టిన మంచి వాల్వు కూడా ఎర్రబడింది!

“వాల్వుకేం కాలేదు సార్, దాని ముందున్న కండెన్సర్ లీకవుతోంది” అన్నారు.

పాటని పోనిచ్చి డీసీని (ఒకే దిక్కుకి పారే కరెంటుని) ఆపడమే ఆ కండెన్సర్ పని. అది లీకైతే, వాల్వులో కరెంటుని అదుపు చేసే గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజ్ చేరి వాల్వు ఇష్టమొచ్చినట్టు కరెంటు లాగుతుంది. ఎర్రబడ్డ ఆ రేకునే ప్లేటంటారు, ఈఎల్84లో అది తట్టుకునేది 12 వాట్లే. నాలుగు కండెన్సర్లూ 630 వోల్టులవి వేసి, కూలితో కలిపి ఆరు వందలు తీసుకున్నారు. కంపెనీ మాట విని కొత్త వాల్వులు వేయించుంటే అవీ మాడేవి. నా కోపమంతా అక్కడే.

యాంప్ రిపేరులో ఉన్న పది రోజులూ అమ్మాయి కంప్యూటర్‌కి వాడే, వాల్వుల్లేని అరచేతంత క్లాస్-డీ యాంప్‌తో గడిపాను. అయిష్టంగానే. తీరా వింటే మృదంగంలో ఎడంచేతి దెబ్బ దీంట్లోనే బిగువుగా ఉంది. వాల్వు యాంప్ స్పీకర్ కోన్‌ని (ముందుకీ వెనక్కీ కదిలే గరాటుని) అంత గట్టిగా పట్టుకోలేదు మరి.

రిపేరయ్యాక పట్టుదల కొద్దీ స్పీకర్ తీగల దగ్గర మీటర్ పెట్టి రెండింటి వాల్యూమ్ సమానం చేశాను. అమ్మాయి నా వెనక తీగలు మారుస్తుంటే కళ్లు మూసుకుని చెప్పాను. పదిసార్లకి ఆరుసార్లు సరిపోయింది. బొమ్మా బొరుసూ వేసినా ఐదు వస్తాయి! మొదట్లో పాతదానితో పోల్చినప్పుడు మీటర్ పెట్టలేదు. కాస్త గట్టిగా మోగేది చెవికి ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది.

మరి కొనొచ్చా? నాలా ఏసీ లేని గదైతే ఆలోచించండి. పాట లేకపోయినా నాలుగు ఫిలమెంట్లకే 19 వాట్లు, పైన మిగతా వేడి. ఇంట్లో పాకే పిల్లలుంటే వద్దు. రోజంతా టీవీకి తగిలించి ఉంచేవాళ్లకీ వద్దు. నేనైతే వేసవంతా చిన్నదానితోనే సరిపెట్టుకుంటున్నాను. ఘంటసాల పద్యానికి మాత్రం, పదికి ఆరే అని తెలిసీ, చెమట తుడుచుకుంటూ వాల్వులే ఆన్ చేస్తున్నాను.